బాస్‌తేర్ పట్టణమునకు ప్రయాణము: ఒక భూగోళ పాఠము



భూగోళశాస్త్రమనగా నదుల పేర్లను, రాజధానుల పేర్లను కంఠస్థము చేయుట యని పలువురు తలంతురు. అట్లు నేర్చిన పేర్లు పరీక్ష ముగిసిన మరునాడే మరపునకు వచ్చును. కావున మేము ప్రతి సంవత్సరము తరగతికి ఒక పని ఒప్పగించుచుందుము. మనలో నెవ్వరును చూడని ఒక ముఖ్యపట్టణమును ఎన్నుకొని, అచ్చటికి నిజముగా బయలుదేరువారివలె ప్రయాణపు ఏర్పాట్లన్నియు కాగితముపై చేయవలెను. ఏ కాలమున పోవలెను, ఏ మార్గమున పోవలెను, ఏ పత్రములు కావలెను, అచ్చట ఏమి చూడవలెను అను ప్రశ్నలకు జవాబులు వెదకుకొలది పటములోని చుక్క నిజమైన ఊరుగా మారును.

ఈ సంవత్సరము పిల్లలు, ఎండయు సముద్రమును గల దీవి కావలెనని కోరిరి. కరిబియను సముద్రపు అంచున నున్న గ్వాడెలూప్ దీవియు, దాని ముఖ్యపట్టణమగు బాస్‌తేరును మాకు లభించినవి. లభించిన విధము వినదగినది.

1. స్థలనిర్ణయము

గోళమును బల్లపై నుంచి, రేపల్లెపై వ్రేలు పెట్టి, ఉత్తరమునకు గాని దక్షిణమునకు గాని తొలగక నేరుగా పడమటికి జరుపుమని ఒక విద్యార్థితో చెప్పితిమి. వ్రేలు మన దేశమును దాటి, అరేబియా సముద్రమును, యెమెన్ దేశమును, ఎర్రసముద్రమును దాటి ఆఫ్రికా ఖండమున ప్రవేశించెను. సూడాన్, చాద్, నైజర్, మాలి దేశముల మీదుగా పోయి, పడమటి తీరమున సెనెగల్ దేశపు సేన్‌లూయీ పట్టణమును తాకెను. అటు తరువాత కేప్ వెర్డ్ దీవులు తప్ప అంతయు అట్లాంటిక్ మహాసముద్రమే. ఆ నీటినంతయు దాటిన పిమ్మట తగిలిన నేల గ్వాడెలూప్.

రేపల్లె అక్షాంశము సుమారు 16 డిగ్రీల 1 నిమిషము ఉత్తరము. బాస్‌తేర్ పట్టణపు అక్షాంశము 16 డిగ్రీలు. ఇంతటితో ముగియలేదు. తెనాలి అక్షాంశము 16 డిగ్రీల 14 నిమిషములు. ఆ దీవిలోని పెద్ద ఓడరేవగు ప్వాంతాపీత్ర్ అక్షాంశమును 16 డిగ్రీల 14 నిమిషములే. బాపట్ల 15 డిగ్రీల 54 నిమిషముల వద్ద నున్నది. గ్వాడెలూప్‌నకు చేరిన మారీ గలాంత్ అను చిన్న దీవిలోని గ్రాన్‌బూర్ పట్టణము 15 డిగ్రీల 53 నిమిషముల వద్ద నున్నది. అక్షాంశపు నిమిషము ఒకటి రెండు కిలోమీటర్లకంటె తక్కువ. మన మూడు ఊళ్లకును అచ్చట మూడు జోడు ఊళ్లు కలవని తెలిసినపుడు తరగతిలో కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పరాదు.

గ్వాడెలూప్ రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నుండును. పడమటి రెక్క కొండల నేల. తూర్పు రెక్క చెరకు పండు మైదానము. రెంటి నడుమ సన్నని ఉప్పునీటి పాయ కలదు. పడమటి భాగమునకును, దాని నైరృతి తీరమునందలి ముఖ్యపట్టణమునకును బాస్‌తేర్ అనియే పేరు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు పల్లపు నేల యని అర్థము. ఎత్తయిన కొండ పాదమున నున్న ఊరికి ఈ పేరేమని పిల్లలడిగిరి. నావికుల వాడుకలో గాలి తాకుడు లేక కొండ చాటున నుండు తీరమునకు ఆ పేరు చెల్లును. పట్టణము 1643లో స్థాపింపబడినది. ప్వాంతాపీత్ర్ వ్యాపారమున దీనిని మించినదైనను, పరిపాలన యంతయు బాస్‌తేర్‌నందే జరుగుచున్నది.

2. కాలనిర్ణయము

సూర్యుడు ఒకే అక్షాంశముననున్న ఊళ్లన్నిటికి ఒకే విధముగ వెలుగు పంచును. మే 5వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 8వ తేదీ ప్రాంతమునను మధ్యాహ్నవేళ రేపల్లెలో సూర్యుడు నడినెత్తికి వచ్చును. ఆ దినములందే బాస్‌తేర్‌లోను వచ్చును. అతి దీర్ఘమైన పగలు రెండు చోట్లను సుమారు 13 గంటలు. అతి హ్రస్వమైనది సుమారు 11 గంటలు.

అట్లయిన, మే నెలలో తెనాలిలో వేడిమి 40 డిగ్రీలు దాటుచుండగా, గ్వాడెలూప్‌లో 30 డిగ్రీలకు కొంచెము అటునిటుగా నిలుచుటకు కారణమేమి? ఈశాన్యదిశ నుండి మహాసముద్రము మీదుగా ఎడతెగక వీచు వ్యాపార పవనములే కారణము. ఎటు చూచినను నీరుండుటచే ఆ దీవి మిగుల కాగదు, మిగుల చల్లారదు. మనకు వేసవిలో పడమటి నేలమీదుగా వడగాడ్పు వచ్చును. సూర్యుడొక్కడే, గాలులు వేరు. ఈ పాఠమున ముఖ్యముగ గ్రహింపదగిన ప్రకృతి సూత్రమిదియే.

అచ్చట సంవత్సరమునకు రెండు కాలములు. డిసెంబరు మొదలు మే వరకు వానలు తక్కువ. జూన్ మొదలు నవంబరు వరకు తుపానుల కాలము. పొడికాలమునకు ఆ దీవివారు పెట్టుకొన్న పేరు కరేమ్. క్రైస్తవ సంఘము ఈస్టరునకు ముందు ఆచరించు నలువది దినముల ఉపవాసకాలమునకు ఫ్రెంచి భాషలో గల పేరే యిది. ఉపవాసకాలము ఆ ఋతువునందే వచ్చుటచే ఋతువునకే ఆ పేరు నిలిచినది.

తుపానన్న మన ప్రాంతమువారికి వివరింప నక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ, రేపల్లె, బాపట్ల తీరములపై విరుచుకుపడిన ఉప్పెనను మన పెద్దలు నేటికిని తలంతురు. గ్వాడెలూప్ వారు 1928 సెప్టెంబరు 12వ తేదీని అట్లే తలంతురు. ఆ దినమున వేయిమందికి పైగా మరణించిరి. 1989 సెప్టెంబరులో హ్యూగో అను తుపాను మరల ఆ దీవిని పాడుచేసినది. కావున మన ప్రయాణము జనవరికిని ఏప్రిలునకును నడుమ నుండవలెనని తరగతి తీర్మానించెను.

3. మార్గనిర్ణయము

ఇచ్చట పిల్లలు ఒక పొరపాటు చేసిరి; మేమును మొదట వారిని వారింపలేదు. రెండు ఊళ్లు ఒకే అక్షాంశమున నున్నవి గనుక నేరుగా పడమటికి పోవుటయే దగ్గరి దారియని వ్రాసిరి. 16వ అక్షాంశరేఖ వెంబడి లెక్కింపగా దూరము సుమారు 15,250 కిలోమీటర్లు తేలినది. తరువాత ఒక దారమును తెప్పించి, గోళముపై ఒక కొనను రేపల్లె వద్దను, రెండవ కొనను బాస్‌తేర్ వద్దను పట్టి బిగువుగా లాగుమంటిమి. దారము తనంతట ఉత్తరమునకు జరిగెను. కచ్ఛదేశము, ఇరాను, తుర్కీ, కార్సికా దీవి, స్పెయిన్ దేశముల మీదుగా పోయి అట్లాంటిక్‌లో దిగెను. దాని కొలత సుమారు 14,600 కిలోమీటర్లు మాత్రమే. గుండ్రని భూమిపై తిన్నగా కనబడు దారి దగ్గరి దారి కాదు.

విమానములును ఇంచుమించు ఆ దారినే పోవును. ఇచ్చటి నుండి ఢిల్లీకి, ఢిల్లీ నుండి పారిస్‌నకు, పారిస్ నుండి ప్వాంతాపీత్ర్‌నకు పోవచ్చును. పారిస్ నుండి సముద్రము దాటుటకు సుమారు 9 గంటలు పట్టును. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని మనవారు ముద్దుగా పిలుతురు గదా! ఆంధ్రా ప్యారిస్ నుండి దాని జోడు ఊరికి పోవలెనన్న అసలు పారిస్ మీదుగానే పోవలసివచ్చెనని పిల్లలు నవ్వుకొనిరి.

కాలభేదమును లెక్కింపుడు. రేపల్లె రేఖాంశము సుమారు 80 డిగ్రీల 50 నిమిషములు తూర్పు; బాస్‌తేర్ రేఖాంశము సుమారు 61 డిగ్రీల 44 నిమిషములు పడమర. రెండును కలిపిన 142 డిగ్రీల 34 నిమిషములు. డిగ్రీకి 4 నిమిషముల కాలము చొప్పున 9 గంటల 30 నిమిషములు వచ్చును. రెండు దేశముల గడియారముల భేదమును సరిగా అంతియే. సాయంకాలము 4 గంటలకు మన బడి గంట మ్రోగునప్పుడు బాస్‌తేర్‌లో ఉదయము 6-30. అచ్చటి పిల్లలు బడికి సిద్ధపడుచుందురు.

4. పత్రములు, ధనము, భాష

గ్వాడెలూప్ 1946 మార్చి 19వ తేదీ చట్టముచే ఫ్రాన్సు దేశములో ఒక జిల్లావంటి భాగమైనది. కావున అచ్చటి నాణెము యూరో; రాజభాష ఫ్రెంచి; ఇండ్లలోను వీధులలోను క్రెయోల్ అను భాష వినబడును. ఐరోపా దేశములు అనేకము కలిసి ఇచ్చు షెంగెన్ వీసా ఈ దీవికి చెల్లదు. ఫ్రాన్సు వారి కార్యాలయమున దరఖాస్తు పెట్టునపుడే గ్వాడెలూప్‌నకు వర్తించు వీసాను ప్రత్యేకముగ కోరవలెను. ఇది తెలియక బయలుదేరినవారు పారిస్‌లో ఆగిపోవలసివచ్చును. పాస్‌పోర్టు, వీసా, బస చీటీ, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు అను నాలుగును ఒక సంచిలో నుంచుకొనవలెను.

నూలుబట్టలు, గొడుగు, కొండ ఎక్కుటకు గట్టి జోళ్లు చాలును. ఫ్రెంచి మాటలలో బోఁజూర్, మెర్సీ అను రెండు మొదట నేర్వవలెను. మొదటిది పగటివేళ పలుకరింపు, రెండవది కృతజ్ఞత. దుకాణమున ప్రవేశించి, పలుకరింపకయే వస్తువు ధర యడుగుట అచ్చట మర్యాద కాదు. మనకును కాదు.

5. చూడవలసినవి

ప్వాంతాపీత్ర్‌లో మెమోరియల్ ఆక్త్ అను ప్రదర్శనశాల 2015లో తెరువబడినది. పూర్వము పంచదార కర్మాగారముండిన స్థలమున, బానిసత్వ చరిత్రను తెలుపుటకు దానిని కట్టిరి. అచ్చటి నుండి బాస్‌తేర్‌నకు సుమారు 60 కిలోమీటర్ల రోడ్డు కలదు. త్రోవలో అరటితోటలు విస్తారము; కొల్లిపర, కొల్లూరు లంకల అరటితోటలు చూచినవారికి అవి పరిచితములుగనే తోచును. నడుమ కాపెస్తేర్ అను ఊరు వచ్చును. దాని చేరువ షాంజీ అనుచోట రంగులు దిద్దిన గోపురముతో హిందూ దేవాలయము కనబడును. బాస్‌తేర్ వెనుక సూఫ్రియేర్ అను అగ్నిపర్వతము 1,467 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. 1976లో అది పొగలు గ్రక్కగా, ప్రభుత్వమువారు 70,000 మందికి పైగా ప్రజలను ఊళ్లు ఖాళీచేయించిరి.

పట్టణమునందలి కోటకు లూయీ దెల్‌గ్రెస్ పేరు పెట్టిరి. ఫ్రాన్సు దేశము 1794లో బానిసత్వమును రద్దుచేసి, నెపోలియను ఏలుబడిలో 1802లో మరల దానిని నెలకొల్పుటకు సైన్యమును పంపెను. సైనికాధికారియగు దెల్‌గ్రెస్ ఎదిరించి పోరాడి, గెలుపు దుర్లభమని తెలిసి, మరల బానిసయగుట కొల్లక, 1802 మే 28న మతూబా అను కొండచోట అనుచరులతో కూడ మందుగుండు పేల్చుకొని మరణించెను. మన దారము తాకిన కార్సికా దీవియే నెపోలియను పుట్టిన చోటు. బానిసత్వము తుదకు 1848లో రద్దయినది.

భోజనమునకు కొలొంబో అను కూరను అడుగవచ్చును. పసుపు, ధనియాలు, ఆవాలు, జీలకర్ర మొదలగు వాని పొడితో దానిని వండుదురు. దుగ్గిరాల పసుపు సంత ప్రక్కన పెరిగిన మనకు ఆ వాసన క్రొత్త కాదు. అచ్చటి స్త్రీలు పండుగలకు గళ్ల బట్టను తలకు చుట్టుకొందురు. దాని పేరు మద్రాస్. మన మదరాసు తీరము నుండి ఓడలపై పోయిన నేతబట్టకు ఆ పేరు నిలిచినది.

6. మనకు ముందు పోయినవారు

ఖర్చుల పట్టిక వ్రాయునపుడు ఒక విద్యార్థిని లేచి, "మాస్టరుగారూ, మన పసుపు కూరయు, మన గళ్ల బట్టయు, మన గోపురమును అచ్చట నున్నవి గదా. వానిని కొనిపోయినవారు తిరుగు టిక్కెట్టునకు ఎంత చెల్లించిరి?" అని యడిగెను. పాఠమంతటిలో మంచి ప్రశ్న యిదియే. దీనికి జవాబు చెప్పక ప్రయాణపు ఏర్పాటు పూర్తికాదు.

1848లో బానిసలు విడుదలయిన పిమ్మట చెరకుతోటల యజమానులు కూలీలకై మన దేశమువైపు చూచిరి. 1854 డిసెంబరు 24న, క్రిస్మసు ముందటి దినమున, ఓరేలీ అను ఓడ 344 మంది భారతీయులతో ప్వాంతాపీత్ర్ రేవునకు చేరినది. అది మొదలు 1889 వరకు సుమారు 42,000 మంది గ్వాడెలూప్‌నకు తీసికొనిపోబడిరి. పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుండియు, తరువాత కలకత్తా నుండియు ఓడలు పోయినవి. దక్షిణాది నుండి పోయినవారిలో తమిళులు అధికులు, తెలుగువారును కలరు. తెరచాప ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టిపోవుటకు ఇంచుమించు మూడు నెలలు పట్టెడిది. మనము రెండు దినములలో పోగల దారి యది.

వారు చేసికొన్న ఒప్పందము 5 సంవత్సరములది. గడువు ముగిసిన పిమ్మట తిరుగు ప్రయాణము ఉచితమని అందులో నుండెడిది. ఆ టిక్కెట్టునకు వారు చెల్లించినది 5 సంవత్సరముల కష్టము. అయినను అనేకులు తోటలలో రోగముచేతను శ్రమచేతను మరణించిరి, పలువురు మరల మరల ఒప్పందములలో చిక్కుకొని అచ్చటనే నిలిచిపోయిరి, తిరిగివచ్చినవారు కొలదిమందియే.

వారేల పోయిరి? 1832-33లో గుంటూరు సీమను నాశనము చేసిన నందన కరువున, జిల్లా జనములో ఇంచుమించు మూడవవంతు మరణించిరి. తిండిలేని ఊళ్లలో కూలీలను చేర్చు దళారీ మాటలు తీయగా వినబడును. బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855లో ముగిసినది. ఆ నీరు తెనాలి, రేపల్లె, బాపట్ల పొలములకు పారినది. ఓరేలీ రేవు చేరినదియు, మన ఆనకట్ట పూర్తియైనదియు ఇంచుమించు ఒకే కాలము. నీరు చేరిన నేల తన జనులను నిలుపుకొన్నది. నీరు లేని నేల పంపివేసినది. మన కాలువగట్టుపై నడుచునప్పుడు ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

అచ్చట నిలిచినవారి బిడ్డలును సులభముగా పౌరులు కాలేదు. కాపెస్తేర్‌లో 1863లో పుట్టిన హెన్రీ సిదంబరోమ్ అను నాతడు భారతీయ సంతతివారి ఓటు హక్కుకై 1904 మొదలు 1923 వరకు న్యాయస్థానములందును ప్రభుత్వమునొద్దను పోరాడెను. తుదకు వారికి ఫ్రెంచి పౌరసత్వపు హక్కులు లభించినవి. చిదంబరమను మన పేరు ఫ్రెంచి లేఖకుని కలమున సిదంబరోమ్ అయినది. ఇట్లు ఎన్ని పేర్లు మారిపోయెనో ఊహింపుడు. వారిలో అనేకులు బాప్తిస్మము పొంది రోమను కథోలిక సంఘమున చేరిరి. పూర్వుల దేవాలయములను, పండుగలను కూడ నిలుపుకొన్నవారు పెక్కుమంది. తాము మాటలాడిన భాష మాత్రము తరతరమునకు నోట తగ్గిపోయినది.

7. ముగింపు

విద్యార్థులారా, మొదట మనము ఎండయు సముద్రమును గల దీవిని వెదకితిమి. ఆ యెండ మన యెండయే. ఆ రేఖ వెంబడి ఆఫ్రికా తీరమున సేన్‌లూయీ కలదు. అట్టి రేవుల నుండి సంకెళ్లతో ఆఫ్రికనులను కొనిపోయిరి. తరువాత మన తీరము నుండి కాగితపు ఒప్పందముతో మనవారిని కొనిపోయిరి. పటములో ఆ రేఖ సన్నని గీత. చరిత్రలో అది జనుల అడుగుజాడ.

పరదేశియైనవానిని ఆదరింపుమని, తామును పరదేశులై యుండిన దినములను మరువవద్దని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ యుండెనని బైబిలు పాఠమున చదివితిరి గదా. నేడు మన జిల్లాకు పొరుగు రాష్ట్రముల నుండి పనికి వచ్చువారిని చూచుచున్నారు. వారి భాష మనకు వింతగ నుండవచ్చును. మనవారి భాషయు 1854లో ప్వాంతాపీత్ర్ రేవున అట్లే వింతగ నుండెను.

తరగతి ఏర్పాటు చేసిన ప్రయాణములో మేము ఒక మార్పు చేసితిమి. కొండకును కోటకును ముందుగా, దీవికి చేరిన మొదటి దినమున ప్వాంతాపీత్ర్ రేవునకు పోయి, ఓరేలీ దిగిన నీటియెదుట కొంచెము సేపు నిలుచుట యని వ్రాసితిమి. దానికి ఖర్చుల పట్టికలో సొమ్ము చూపనక్కరలేదు. మీలో నెవ్వరైనను పెద్దయై నిజముగా అచ్చటికి పోయినచో, ఆ పని మాత్రము మరువవద్దని మా కోరిక.

అభ్యాసములు

1. మీ ఊరి అక్షాంశమును కనుగొని, దానిపై పడమట సముద్రము దాటిన పిమ్మట ఏ పట్టణమున్నదో వ్రాయుడు.

2. దారముతో గోళముపై రెండు ఊళ్ల దగ్గరి దారిని కొలిచి, అక్షాంశరేఖ వెంబడి దూరముతో పోల్చుడు.

3. ఒకే అక్షాంశముననున్న తెనాలికిని ప్వాంతాపీత్ర్‌నకును వేసవి వేడిమిలో భేదమేల?

4. కృష్ణా ఆనకట్టకు ముందు మీ గ్రామమున ఏ పైరులు పండెడివో పెద్దలనడిగి వ్రాయుడు.

5. మీ కుటుంబమున పని కొరకు దూరదేశము పోయినవారెవ్వరైన నున్నచో, వారు పోయిన మార్గమును పటమున గీయుడు.